తాబేలు చెప్పని ఆకలి

ఆదివారం పొద్దున్నే గేటు చప్పుడైంది. తలుపు తీస్తే ఓ అవ్వ, ఆమె వెనకాల పదేళ్ల మనవడు. అవ్వ చంకలో వెదురు బుట్ట, దాని మీద తడిగుడ్డ. ఏ కోడిపిల్లకో జబ్బు చేసిందనుకున్నాను. వనపర్తిలో ఉన్నన్నాళ్లూ నా ఆదివారాలు కోళ్లతో, మేకపిల్లలతోనే మొదలయ్యేవి మరి! అవ్వ గుడ్డ తీసింది. కోడిపిల్ల కాదు. నల్లటి చిప్ప, దాని మీద పసుపు గీతలతో ముగ్గు వేసినట్టు నక్షత్రాలు. నక్షత్ర తాబేలు!

“లచ్చిమి సారూ. ఆరేండ్ల సంది మా ఇంట్లనే ఉంది. నెల రోజులాయె, ఏం తింటలేదు. మొకం గూడ ఎత్తుతలేదు” అంది అవ్వ.

“ఇన్నాళ్లూ ఏం పెట్టిండ్రవ్వా?” అనడిగాను.

“ఏం తక్కువ జెయ్యలే సారూ. పొద్దున పాలల్ల నానేసిన బిస్కెట్లు. పగటీలి పెరుగన్నం. శనివారం గుడిల ఇచ్చిన అరటిపండు. మేం తిన్నదే అది తిన్నది.”

“మరి ఆకులు, గడ్డి?”

అవ్వ నావైపు వింతగా చూసింది. “ఇంట్ల మనిషి లెక్క సూసుకుంటుంటిమి. దానికి గడ్డి పెడ్తమా సారూ!”

తాబేలును చేతిలోకి తీసుకుని చిప్ప అంచును బొటనవేలితో నొక్కి చూశాను. చెక్కలా గట్టిగా ఉండాల్సింది తడిసిన అట్టలా లోపలికి వంగింది. పై దవడ చిలక ముక్కులా పెరిగి కిందికి వంకర తిరిగింది. వెనక కాళ్లకు పైకి లేచే సత్తువ లేదు. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు. పెట్టిందంతా ప్రేమతో పెట్టిందే. దాన్ని మంచాన పడేసిందీ అదే!

ఆకలేస్తే కుక్క కాళ్లకు అడ్డం పడుతుంది. పిల్లి ‘మ్యావ్’ అంటూ వంటింట్లో తిరుగుతుంది. గేదె అరుస్తుంది. తాబేలు ఏమీ అనదు. పెట్టింది పడకపోయినా తింటుంది. వారాల తరబడి ఏమీ తినకపోయినా బతికే ఉంటుంది. అందుకే అది తిండి మానేసిందని మనకు తెలిసే సరికి ఒంట్లో చెడుపు ఎప్పుడో మొదలై ఉంటుంది. ఈ వారం ఆ మూగ ఆకలి గురించే మాట్లాడుకుందాం.

పేరొక్కటే... కడుపులు వేరు!

నడిగడ్డ నుంచి నల్లమల దాకా తిరిగిన ఉద్యోగం నాది. ఆ తిరుగుడులో నాకు తెలిసిందేమిటంటే, తాబేళ్లను పెంచేవాళ్లలో చాలామందికి తమ ఇంట్లో ఉన్నది ఏ తాబేలో తెలియదు. మన భాషలో అన్నింటికీ ఒకటే పేరు కదా! దాంతో ఒకదాని తిండి ఇంకోదానికి పెట్టేస్తుంటారు.

గద్వాలలో ఓ ఇంట్లో అక్వేరియంలో అరచేతిలో ఇమిడేంత పచ్చటి తాబేళ్లు రెండు. కళ్ల వెనక ఎర్రటి చార. వీటిని రెడ్ ఇయర్డ్ స్లైడర్లంటారు. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. దుకాణంవాడిచ్చిన ఎండు రొయ్యల డబ్బా తప్ప ఇంకో తిండి ఎరగవు. మూడు నెలలకు రెండింటికీ కళ్లు వాచి మూసుకుపోయాయి. విటమిన్ ‘ఎ’ లోపం! కన్ను కనపడకపోతే నీళ్లలో తిండి కనపడదు. తిండి తినకపోతే కన్ను తెరుచుకోదు.

నాగర్‌కర్నూలులో దీనికి సరిగ్గా తిరకాసు కథ. మంచి వాన పడిన రాత్రి కేసరి సముద్రం చెరువు దిక్కు నుంచి ఓ తాబేలు రోడ్డెక్కింది. ఓ కుర్రాడు ఇంటికి తెచ్చి సిమెంటు తొట్టిలో వేశాడు. తాబేలంటే గడ్డి తింటుందని బడిలో ఎవరో చెప్పారట. రోజూ శ్రద్ధగా గరిక కోసుకొచ్చి వేశాడు. తొట్టిలో గడ్డి కుళ్లింది కానీ తాబేలు దాన్ని ముట్టలేదు. అది మన చెరువుల్లో, బావుల్లో ఉండే నీటి తాబేలు. నత్తలు, చేపపిల్లలు, కప్పలు, వానపాములు, నీళ్లలో పడి చచ్చిన జీవాలు... ఇవీ దాని భోజనం. కాస్తో కూస్తో నీటి మొక్కలూ తింటుంది. చెరువును శుభ్రం చేసే పాకీ పని దానిదే. పెద్దలు బావిలో తాబేలును వేసేది అందుకే. దానికి గరిక పెట్టడమంటే పులికి పప్పన్నం పెట్టినట్టే!

మరి గుర్తుపట్టేదెలా? కాళ్లు చూడండి. ఏనుగు కాళ్లలా గుండ్రంగా, మొద్దుగా ఉంటే అది మెట్ట తాబేలు. ఆకులూ గడ్డీ దాని తిండి. వేళ్ల మధ్య బాతు కాళ్లలా పొర ఉంటే నీటి తాబేలు. దానికి మాంసమూ కావాలి, పచ్చనిదీ కావాలి. ముందు కాళ్లు చూశాకే నోటి సంగతి ఆలోచించాలన్నమాట.

చిప్పలో రాసి ఉంటుంది

తాబేలు చిప్ప మనం అనుకున్నట్టు పైన కప్పిన మూకుడు కాదు. అదీ ఎముకే. వెన్నెముక, పక్కటెముకలు అందులో కలిసిపోయి ఉంటాయి. అందుకే తాబేలును చిప్ప నుంచి వేరు చేయలేం. ఎముకకు ఏం కావాలి? కాల్షియం. తినే తిండిలో ఫాస్ఫరస్ ఒక పాలుంటే కాల్షియం కనీసం రెండు పాళ్లుండాలి. అన్నం, బిస్కెట్లు, రొట్టె, అరటిపండు... వీటన్నిటిలో లెక్క తలకిందులు. ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అలాంటప్పుడు ఒళ్లు ఏం చేస్తుందో తెలుసా? తన ఎముకలోని కాల్షియాన్నే కరిగించి నెత్తురులోకి తెచ్చుకుంటుంది. అంటే అవ్వగారి లచ్చిమి ఆరేళ్లుగా తన చిప్పను తానే తింటూ బతికిందన్నమాట!

ఇక రెండోది పీచు. మెట్ట తాబేలు పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. గడ్డిని నానబెట్టి, పులియబెట్టి బలంగా మార్చేది అవే. మన గేదె కడుపులో జరిగేదీ అలాంటిదే. అక్కడికి తీపి పండ్లు, అన్నం చేరితే వేరే రకం పులుపు మొదలవుతుంది. గ్యాసు, విరేచనాలు, పురుగులు పెరగడం... ఇదీ వరస. పాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లకు పాలిచ్చే జాతి కాదు కదా అది. పాలలోని చక్కెరను అరిగించుకునే ఏర్పాటే దాని ఒంట్లో లేదు.

కొంతమంది ‘బలం’ కోసమని గుడ్డు, శనగలు, కుక్కల బిస్కెట్లు పెడుతుంటారు. మాంసకృత్తులు మోతాదు మించితే మెట్ట తాబేలుకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. మనుషులకు కీళ్లవాతం వచ్చినట్టే దానికీ యూరిక్ ఆమ్లం గడ్డకట్టి కీళ్లలో చేరుతుంది. నీళ్లు సరిగ్గా దొరక్కపోతే ఈ కష్టం రెట్టింపు.

చిప్ప మీద గడులు గుట్టల్లా పైకి లేస్తే తిండిలో బలం ఎక్కువైందని చాలాకాలం అనుకునేవాళ్లు. 2003లో ఆస్ట్రియాలో ఇద్దరు పరిశోధకులు ఆఫ్రికా మెట్ట తాబేలు పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. తిండిలో మాంసకృత్తుల కన్నా, గాలిలో తేమ తక్కువ కావడమే గుట్టలు లేవడానికి ముఖ్య కారణమని! నక్షత్ర తాబేలుకు పుట్టుకతోనే కాస్త గుట్టలుంటాయి. అది జబ్బు కాదు. కానీ ఫ్యాను కింద, ఎండు గచ్చు మీద పెరిగినదానికి అవి కొమ్ముల్లా లేస్తాయి. తిండి ఒక్కటే కాదు... నీడ, నీరు, తేమ కూడా భోజనంలో భాగమే.

గట్టు మీది విస్తరి

మరి మెట్ట తాబేలుకు ఏం పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు బజార్లో లేదు. పొలం గట్టు మీద ఉంది. పల్లి చేనులో కలుపు తీసి గట్టు మీద పడేస్తారు చూడండి, అదే దానికి పంచభక్ష్య పరమాన్నం!

నూటికి డెబ్బై, ఎనభై పాళ్లు గడ్డీ కలుపు ఆకులే ఉండాలి. అందులో గరిక మొదటి వరస. గలిజేరు, పల్లేరు తీగ, తుమ్మికూర, గునుగు ఆకు... ఏ రోజు ఏది దొరికితే అది, మార్చి మార్చి కలిపి వేయాలి. మందార ఆకులు, పువ్వులు ఎంతో ఇష్టంగా తింటుంది. మల్బరీ ఆకు మంచిది. నాగజెముడు మట్ట దొరికితే ముళ్లన్నీ కాల్చి, గీరి, ముక్కలు చేసి పెట్టొచ్చు. అందులో నీరూ ఉంది, కాల్షియమూ ఉంది. కానీ జాగ్రత్త! పాలు కారే కాడజెముడు, బొంతజెముడు వేరు. అవి విషం. పలకల్లా ఉండి, గిల్లితే పాలు రానిదే నాగజెముడు.

మునగాకులో కాల్షియం బాగా ఉంటుంది. అలాగని కట్టలు కట్టలు వేయకూడదు, దాంట్లో మాంసకృత్తులూ ఎక్కువే. వారానికి రెండుసార్లు గుప్పెడు చాలు. పల్లి ఆకు, అలసంద ఆకు కూడా అంతే. అప్పుడప్పుడూ రుచికి మాత్రమే.

‘మా ఇంట్లో రోజూ పాలకూర పెడతాం, ఆకుకూరే కదా డాక్టరుగారూ!’ అంటారు కొందరు. పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలి కూర... ఇవన్నీ మనకు మంచివే. కానీ వీటిలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. గోంగూరదీ అదే దారి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో తాబేళ్లకు గోంగూర పెట్టడం చాలామంది చూసే ఉంటారు. అది చూసొచ్చి ఇంట్లో మూడు పూటలా అదే వేసేవాళ్లూ ఉన్నారు. నాలుగైదు రకాల్లో ఒకటిగా గోంగూర తప్పు కాదు. రోజూ అదొక్కటే అయితే తప్పు. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ సంగతీ అంతే. కీరదోస, టమాటా నీళ్లే తప్ప బలం కాదు. పండు నెలకు ఒకటి రెండుసార్లు బొటనవేలంత ముక్క మించొద్దు. అడవిలో రాలిన పండు దొరికినప్పుడు తింటుందనుకోండి. అక్కడ దానికి పండు ఏటా వచ్చే పండగ. మన ఇంట్లో దాన్ని రోజువారీ చేసేశాం.

ఎంత పెట్టాలంటారా? సులువైన కొలత ఒకటుంది. దాని చిప్ప ఎంతుందో అంత కుప్ప ఆకులు రోజుకు. వాటిని సన్నగా తరగొద్దు. కాడలతో పాటు వేస్తే పీకి, కొరికి, తెంపి తింటుంది. ఆ పనితోనే దవడ అరుగుతుంది. లచ్చిమి దవడ వంకర పోయింది ఎందుకనుకున్నారు? ఆరేళ్లూ పెరుగన్నమే... కొరికే పనే లేదు!

కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకును ఉడకబెట్టి, ఎండబెట్టి, మెత్తగా నూరి వారానికి రెండు మూడుసార్లు ఆకుల మీద చిటికెడు చల్లండి. లేదంటే పచారీ కొట్లో దొరికే సముద్రపు నురుగు ముక్క ఒకటి పక్కన పడేయండి. కావాలనుకున్నప్పుడు అదే కొరుక్కుంటుంది.

ఇన్ని పెట్టినా ఎండ లేకపోతే దండగే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే ఒంట్లో విటమిన్ ‘డి’ తయారవుతుంది. అది ఉంటేనే కాల్షియం ఎముకకు చేరుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. పొద్దుటెండ నేరుగా తగలాలి. పక్కనే నీడా ఉండాలి. మన పాలమూరు ఎండలు తెలిసినవే కదా, నీడ లేని చోట పెట్టి మరిచిపోతే గంటలో ప్రాణం పోతుంది. ఇంకో సంగతి. తాబేలు ఒంటికి సొంత వేడి లేదు. ఒళ్లు వెచ్చబడ్డాకే అరుగుదల మొదలవుతుంది. చలికాలం తెల్లవారుజామున ఆకులు వేస్తే కడుపులో అలాగే ఉండిపోతాయి. కాసేపు ఎండ కాగాక వేయండి.

నీళ్లు మెడ వరకే వచ్చే పళ్లెంలో పోసి, వారానికి రెండు మూడుసార్లు పావుగంట కూర్చోబెట్టండి. తాగుతుంది, మలమూత్రాలు వదులుతుంది. తర్వాత ఆ నీళ్లు పారబోయండి. మండు వేసవిలో తిండి తగ్గించి మూలకు నక్కితే కంగారు పడొద్దు. అది దాని స్వభావం. తొలకరి పడగానే మళ్లీ లేచి తిరుగుతుంది. కానీ అప్పుడు కూడా తినకపోతే, చిప్ప మెత్తబడితే, కళ్లు వాస్తే, ముక్కు నుంచి బుడగలొస్తే మాత్రం ఆగొద్దు. నెలకోసారి కాంటా మీద పెట్టి బరువు రాసుకుంటే ఇంకా మేలు. నోరు చెప్పనిది కాంటా చెబుతుంది.

ఆకు మంచిదే... మందు?

గట్టు మీది కలుపు అన్నాను కదా, ఇక్కడో హెచ్చరిక. నడిగడ్డలో సీడ్ పత్తి ఎక్కువ. పత్తి ఉన్న చోట పురుగుమందు ఉంటుంది. పత్తి చేను గట్టు మీద గరిక ఎంత పచ్చగా ఉన్నా కోయొద్దు. గాలికి కొట్టుకొచ్చిన మందు తుంపర దాని మీద ఉంటుంది. గేదె అంత తిని తట్టుకోవచ్చు, అరకిలో తాబేలు తట్టుకోలేదు. కలుపు మందు కొట్టిన చేనూ అంతే. రోడ్డు పక్కన దుమ్ము కొట్టుకున్న గడ్డి కూడా వద్దు. అన్నింటికన్నా మంచిది, పెరట్లో రెండు మడులు చేసి గరిక, మందార మీరే పెంచుకోవడం.

విషపు మొక్కలనూ గుర్తుపెట్టుకోండి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, వయ్యారిభామ దరిదాపుల్లో ఉండకూడదు. మరోటి... తాబేలుకు ఎరుపు, పసుపు రంగులంటే మోజు. పువ్వనుకుని ప్లాస్టిక్ ముక్కలు, రబ్బరు బ్యాండ్లు మింగేస్తుంది. అవి పేగులో అడ్డం పడితే కోత తప్ప మందు లేదు.

నీళ్ల అతిథికి

స్లైడర్ల దారి వేరని చెప్పుకున్నాం. పిల్లప్పుడు అవి ఎక్కువగా మాంసాహారులు. పెరిగేకొద్దీ ఆకుల వైపు మళ్లుతాయి. ఎండు రొయ్యలు ఒక్కటే పెట్టడమంటే మన పిల్లలకు రోజూ మురుకులు పెట్టి పెంచినట్టే. నీటి తాబేళ్ల కోసం తయారుచేసిన గుళికలు సగం, మిగతా సగంలో ముళ్లతో సహా చిన్న చేపలు, వానపాములు, నత్తలు, నీటి మొక్కలు ఉండాలి. నారింజ రంగు కూరగాయల్లో, ముదురాకుల్లో విటమిన్ ‘ఎ’ తయారయ్యే సరుకుంటుంది. క్యారెట్ తురుము అప్పుడప్పుడూ వేయండి. పిల్లలకు రోజూ, పెద్దవాటికి రోజు విడిచి రోజు చాలు. తిండి నీళ్లలోనే వేయాలి. నీళ్ల బయట వాటికి ముద్ద మింగుడు పడదు. మిగిలింది తీసేయకపోతే నీళ్లు చెడి కొత్త జబ్బులు. నీళ్లపైకి ఎక్కి ఎండ కాగే రాయి ఒకటి తప్పనిసరి.

పిల్లలున్న ఇళ్లకు ఓ మాట. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది. దానికేం కాదు, మనకు మాత్రం వాంతులు, విరేచనాలు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారనే అమెరికాలో 1975లోనే నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం, వంటింటి సింకులో తొట్టి కడగకపోవడం అలవాటు చేసుకోండి.

గద్వాల ఇంటాయన కళ్లు తెరిపించాక నన్నో మాట అడిగాడు. “వీటి బాధ పడలేం డాక్టరుగారూ. జూరాలలో వదిలేస్తే హాయిగా బతుకుతాయి కదా?” అని. బతుకుతాయి. అదే అసలు సమస్య! ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో ఇదీ ఒకటి. మన తాబేళ్ల తిండి, ఎండ కాగే చోటు లాక్కుంటుంది. కృష్ణలో వదలడం దయ అనిపించుకోదు. కొనేముందే ఆలోచించాలి. నాలుగంగుళాలది చూస్తుండగానే అడుగు దాకా పెరుగుతుంది. ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. ఈ మధ్య పట్నంలో ముచ్చటపడి కొంటున్న ఆఫ్రికా సుల్కాటా అయితే యాభై కిలోలు దాటుతుంది. పైగా అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ జాబితాలో ఉన్న ఇలాంటి విదేశీ జాతులను పెంచేవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం పోర్టల్‌లో నమోదు చేయించాలి.

అసలు మాట

ఇంతసేపూ మెట్ట తాబేలుకు ఏం పెట్టాలో చెప్పాను. మరి మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచొచ్చా? పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని పట్టుకోవడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరమంటోంది. 2022లో చట్టాన్ని సవరించి, దాన్ని పులి ఉన్న ఒకటో షెడ్యూలులోకే చేర్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. నాగర్‌కర్నూలు కుర్రాడు తెచ్చిన చెరువు తాబేలు కూడా ఒకటో షెడ్యూలుదే. కనీసం మూడేళ్ల జైలు, పాతికవేల జరిమానా దాకా వెళ్లే వ్యవహారం.

ఇంత కఠినం ఎందుకంటారా? ‘ఇంట్లో ఉంటే లక్ష్మి’ అన్న నమ్మకం ఒకవైపు, విదేశాల్లో దాని అందానికున్న ధర ఇంకోవైపు. 2015లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం పరిధిలోనే ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను అడవి నుంచి ఎత్తుకుపోయారు. 2019లో సైటిస్ దేశాలన్నీ కలిసి వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలో చేర్చాయి.

ఈ సంగతంతా ఆ ఆదివారం అవ్వకు చెప్పాల్సి వచ్చింది. వైద్యం ఆపలేదు. గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాం. కాల్షియం మందు ఇచ్చాను. దవడ కొన కొద్దిగా అరగదీశాను. తర్వాతే చెప్పాను... “అవ్వా, ఇది మనింట్ల ఉండేది కాదు. అటవీశాఖోళ్లకు ఇచ్చేయాలె” అని.

అవ్వ మొహం నల్లబడింది. “మేకలు కాసేటోడు గుట్ట కాడ దొరికిందని ఇచ్చిండు సారూ. నేను దొంగతనం జెయ్యలే. జైలుకు తోలుతరా?” అంది. మనవడు బుట్ట మీద చెయ్యేసి నిలబడ్డాడు. “నేనూ వస్తానవ్వా” అన్నాను.

మళ్లీ గుట్ట మీదే వదిలేస్తే పోదా అని మీకు అనిపించొచ్చు. ఆ కుర్రాడూ అదే అడిగాడు. ఆరేళ్లు పెరుగన్నం తిన్నది ఒక్కసారిగా గట్టు మీద ఏరుకుని బతకలేదు. మన ఇంటి జబ్బు ఏదైనా దానికి అంటుకుని ఉంటే అడవిలో మిగతావాటికి పాకుతుంది. ముందు విడిగా ఉంచి, తిండి అలవాటు మార్పించి, పరీక్షలు చేశాకే వదలాలో లేదో తేల్చాలి. అది అటవీశాఖ, వాళ్ల వైద్యుల పని. అలాగే వానకు రోడ్డెక్కిన చెరువు తాబేలు కనపడితే ఇంటికి తేవొద్దు. అది పోతున్న దిక్కుకే రోడ్డు దాటించి వదిలేయండి. అది ఆ ఊరి చెరువుదే.

మర్నాడు పొద్దున్నే అవ్వ వచ్చింది. ఒక చేతిలో అదే బుట్ట. ఇంకో చేతిలో ప్లాస్టిక్ సంచి నిండా మంచుతో తడిసిన గరిక, నాలుగు మందార పువ్వులు. రాత్రి ఒక పువ్వు కొరికిందట. నెల రోజుల తర్వాత మొదటి ముద్ద!

అటవీశాఖ కార్యాలయంలో మాటలు మర్యాదగానే సాగాయి. అవ్వంతట అవ్వే తెచ్చిచ్చిందని రాసుకున్నారు. బుట్ట లోపలికి తీసుకెళ్తుంటే అవ్వ ఆ ఉద్యోగి చొక్కా పట్టుకుని ఆపింది.

“అయ్యా, పెరుగన్నం బెట్టకుండ్రి. అది గడ్డి తింటది” అంది.